ఉప్పు కాలవ, రాణి బొమ్మ రూపాయి, మా తమ్ముడు

2022 సెప్టెంబర్ 16, తెల్లారుజామున నాలుగు కావస్తా ఉంది, అమ్మ ఫోను మోగింది. ఆ టైంలో ఫోనంటే ఎవరికైనా గుండె జారిపోద్ది గదా. నేను పక్క గదిలోంచి పరిగెత్తుకుని వచ్చేసరికి అమ్మ అప్పటికే వీడియో కాల్ ఎత్తేసింది, స్క్రీన్ మీద మా తమ్ముడు, నెత్తి మీద ఉన్ని టోపీ, వెనకాల చీకటి, చీకట్లో ఏవో లైట్లు.

"ఏందిరా అబ్బయా ఈ యాళప్పుడు, ఒంట్లో బాగుండాదా?" అంది అమ్మ.

"బాగనే ఉండానమ్మా. లైన్లో నిలబడుండా."

"ఏం లైను?"

"రాణిగారిని చూసే లైను."

వాడుండేది లండన్ పక్కన రెడింగ్‌లో. ఎలిజబెత్ రాణి సెప్టెంబర్ 8న స్కాట్లాండ్‌లోని బాల్మోరల్ కోటలో పోయింది, 96 ఏళ్ళు, 70 ఏళ్ళు రాణిగా ఉంది. శవపేటికని వెస్ట్‌మినిస్టర్ హాల్లో నాలుగు రోజులు ఉంచారు, జనం రాత్రీ పగలూ థేమ్స్ నది గట్టెంట క్యూ కట్టారు, ఆ క్యూ మైళ్ళకి మైళ్ళు పోయింది, చేతికి రంగు పట్టీ కట్టి నంబరిస్తారు, దాంతో కాసేపు పక్కకి పోయి కాఫీ తాగి రావచ్చు. మావాడు గురువారం ఆఫీసు అయిపోంగానే రైలెక్కి రాత్రి తొమ్మిదికి లైన్లో చేరాడంట. అమ్మ కొంచేపు ఏం మాట్లాడలా. తర్వాత అడిగింది, "ఆమె మనకేమవుద్దిరా, చలిలో అంతసేపు నిలబడేదానికి?"

వాడు దానికి సమాధానం చెప్పకుండా ఫోను తిప్పి నది అవతల ఒక కోట చూపించాడు, అదే టవర్ ఆఫ్ లండన్, మన కోహినూర్ అందులోనే ఉందమ్మా అన్నాడు. కృష్ణ ఒడ్డున మన కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే వజ్రం. అమ్మ వెంటనే "అయితే పేటిక మీద పెట్టిన కిరీటంలో ఉండేది అది గాదా" అంది, టీవీలో చూసింది గదా. కాదమ్మా, పేటిక మీద ఉండే కిరీటం వేరే, కోహినూర్ ఉన్నది ఈ రాణి వాళ్ళమ్మ కిరీటంలో అని వాడు చెప్తుంటే లైను కదిలింది, ఫోను పెట్టేశాడు.

అమ్మ అడిగినదానికి వాడు చెప్పకపోయినా నాకు తెలుసు, అందుకే ఇదంతా రాస్తున్నా. నేను బళ్ళో సోషల్ చెప్తాను, ఎనిమిదో తరగతి పిల్లలు ప్రతి ఏడాదీ అడుగుతారు, మేడం వాళ్ళ రాజులు రాణుల గోల మనకెందుకు అని. వాళ్ళకి క్లాసులో చెప్పేంత టైం ఉండదు, నలభై నిమిషాల్లో పాఠం అయిపోవాల. ఇక్కడైతే చెప్పచ్చు.

మాది కావలికి తూర్పున, సముద్రానికి ఈవల, బకింగ్‌హాం కాలవ గట్టు మీద పల్లె. ఊళ్ళో ఎవరూ బకింగ్‌హాం అనరు, ఉప్పు కాలవ అంటారు, నీళ్ళు ఉప్పగా ఉంటాయి గదా, సముద్రం పోటుకి ఎక్కి పాటుకి దిగుతా ఉంటాయి. నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు పేపర్లో ఒక పెద్ద మేడ ఫొటో వచ్చింది, కింద బకింగ్‌హాం ప్యాలెస్ అని ఉంది. నేను పేపర్ పట్టుకుని మా నాయన దగ్గరికి పోయి, నాయనా మన కాలవలో పడవెక్కి పోతే ఈ మేడ కాడికి పోతామా అని అడిగా. ఆయన నవ్వలేదు. "మద్రాసు దాకా పోతాం మా, ఆడి నుంచి ఓడెక్కాల" అన్నాడు. నేను చాలా రోజులు అట్టనే నమ్మినా.

నిజానికి ఆ మేడకీ ఈ కాలవకీ సంబంధం ఏం లేదు. ఆ మేడ పేరు 1700ల నాటి వేరే డ్యూక్‌ది. మన కాలవ పేరు 1875 నుంచి 1880 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం అండ్ చాందోస్‌ది. కాలవ తవ్వడం 1806లోనే మద్రాసు నుంచి ఎన్నూరు దాకా మొదలైంది, తర్వాత ముక్కలు ముక్కలుగా పైకీ కిందకీ పెంచుకుంటా పోయారు, ఉత్తరాన పెదగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం దాకా 420 కిలోమీటర్లు. అందులో కొంత పని జరిగింది కరువులో. 1876లో మొదలై 78 దాకా నడిచిన కరువు, మనవాళ్ళు ధాత కరువు అనేది దాన్నే, ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి.

ఇప్పుడు రూపాయి సంగతి చెప్పాల.

మా నాయనమ్మ దగ్గర తొమ్మిది వెండి రూపాయల దండ ఉండేది. రాణి బొమ్మ రూపాయలు అనేది వాటిని. వరలక్ష్మీ వ్రతం రోజు కలశానికి వేసేది, మిగతా రోజులంతా పసుపు గుడ్డలో మూటకట్టి బియ్యం డబ్బాలో అడుగున పెట్టేది. నాకు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చాక నేనూ తమ్ముడూ వాటి మీద రాతలు చదివే ఆట ఆడేవాళ్ళం. బొమ్మ అన్నిటి మీదా ఒక్కటే, కిరీటం పెట్టుకుని పక్కకి చూసే విక్టోరియా రాణి, గుండ్రటి బుగ్గ, మెడ చుట్టూ నగ. కానీ పక్కన రాసింది మాత్రం ఒక్కటి కాదు. కొన్నిటి మీద విక్టోరియా క్వీన్ అని ఉండేది, కొన్నిటి మీద విక్టోరియా ఎంప్రెస్ అని. మాకు అదేందో అర్థం కాక రెండు జట్లుగా పేర్చేవాళ్ళం, క్వీన్ జట్టు నాది, ఎంప్రెస్ జట్టు వాడిది.

ఎందుకట్టా రెండు రకాలో నాకు డిగ్రీ చదివేటప్పుడు తెలిసింది. 1876 దాకా కొట్టిన రూపాయల మీద క్వీన్ అనే ఉంటది. 1877 జనవరి 1న ఢిల్లీలో పెద్ద దర్బారు పెట్టి అప్పటి వైస్రాయి లార్డ్ లిట్టన్ విక్టోరియాని ఇండియా చక్రవర్తినిగా ప్రకటించాడు, ఆమె ఇంగ్లండ్‌లోనే ఉంది, ఇక్కడ రాజులూ నవాబులూ ఏనుగులెక్కి వచ్చారు. ఆ ఏడాది నుంచి టంకసాలలో అచ్చు మారింది, ఎంప్రెస్ అని పడింది. అదే జనవరిలో మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా జిల్లాలు, మన నెల్లూరు జిల్లాతో సహా, ఆకలితో చచ్చిపోతా ఉన్నాయి. లైబ్రరీలో ఆ రెండు తారీఖులు పక్కపక్కన చూసినప్పుడు నాకు పుస్తకం మూసేయాలనిపించింది. మేం పిల్లప్పుడు నేల మీద కూర్చుని పేర్చుకున్న రెండు జట్లకీ మధ్యలో ఉన్నది ఆ కరువు.

మా నాయనమ్మకి వాళ్ళ జేజమ్మ చెప్పిన కథ ఒకటుంది. ఆ జేజమ్మ కరువప్పటికి ఎనిమిదేళ్ళ పిల్ల. అమ్మా నాయనా కాలవ తవ్వకం పనికి పోతే ఈమె తమ్ముణ్ణి ఎత్తుకుని గట్టు మీద కూర్చునేది, ఎత్తుకోలేనప్పుడు తనూ తట్ట పట్టుకునేది. పొద్దంతా మట్టి మోస్తే సాయంత్రం కూలి గింజలు కొలిచేవాళ్ళు. గింజలు చాలక చింతగింజలు నానబెట్టి పొట్టు తీసి దంచుకుని తిన్నారు, నాగజెముడు పండ్లు తిన్నారు, నోరంతా ముళ్ళు. రిచర్డ్ టెంపుల్ అనే పెద్ద అధికారిని ఖర్చు తగ్గించమని పంపిస్తే ఆయన రోజుకి మనిషికి ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలని లెక్క కట్టాడు. ఒక పౌనంటే 450 గ్రాములు. మా ఇంట్లో డిజిటల్ కాటా ఉంది, ఒకసారి జొన్నలు తూచి చూశా, పెద్ద గిన్నెలో అడుగున పడ్డాయంతే. పొద్దంతా తట్ట మోసే మనిషికి! ఆ టైంలోనే మన దేశం నుంచి ధాన్యం ఓడలెక్కి పోతానే ఉంది, అంగడి ధరలో సర్కారు వేలు పెట్టకూడదని లిట్టన్ పట్టుబట్టి కూర్చున్నాడు. తర్వాత ఆ కూలి కొంచెం పెంచారు లెండి, కానీ అప్పటికే చచ్చినోళ్ళు చచ్చిపోయారు. బ్రిటిష్ ఇండియాలోనే 50 లక్షలకు పైగా అని అంచనా.

ఆ జేజమ్మ తమ్ముడు కూడా అందులోనే పోయాడు. గట్టు పక్కనే పూడ్చిపెట్టారంట, తవ్విన మట్టి ఎటూ ఉంది గదా. మా నాయనమ్మ ఈ మాట చెప్పేటప్పుడు గొంతు మార్చేది కాదు, చేటలో బియ్యం ఏరుకుంటా చెప్పేది, రాళ్ళు ఏరి పక్కన పెడతా.

ఇప్పుడు నేనుండేది ఒంగోలు, ఇక్కడ కూడా ఆ కాలవ కథ ఉంది. అమెరికా నుంచి వచ్చిన క్లౌ దొర, బాప్టిస్టు మిషనరీ, ఆయనకి ఇంజనీరింగు పని కూడా తెలుసు, ఆ కరువులో కాలవ మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని ఆకలితో వచ్చినోళ్ళకి పని పెట్టాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని ఇక్కడ క్రైస్తవుల ఇళ్ళలో ముసలోళ్ళు ఇప్పటికీ చెప్తారు. మా బళ్ళో నా పక్క క్లాసు టీచర్ వాళ్ళ ముత్తాత ఆ రోజు నదిలో దిగినవాళ్ళలో ఒకడంట. మా ఇద్దరి ఇళ్ళ కథలూ ఒకే కాలవలో కలిశాయని తెలిసిన రోజు ఇంటర్వెల్లో టీ చల్లారిపోయేదాకా మాట్లాడుకున్నాం.

ఇంకో మాట. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు మా ఊరి తూర్పు పక్క నీళ్ళు ఇసక దిబ్బలు దాటి వచ్చేశాయి. వచ్చిన నీళ్ళన్నీ కాలవలోకి దిగిపోయి, కాలవ పొంగి, మళ్ళీ తీసేసింది, మా ఇళ్ళల్లోకి రాలా. అప్పటికి మా నాయనమ్మ ఉంది. గట్టు మీద నిలబడి చాలాసేపు చూసి, "తవ్వినోళ్ళు కాపాడినారు" అంది. ఏ గవర్నరు పేరూ ఎత్తలేదు.

నాయనమ్మ సొంత జ్ఞాపకం అంటే 1942. ఆమెకి పన్నెండేళ్ళు. ఫిబ్రవరి 15న సింగపూర్‌లో ఇంగ్లీషు సైన్యం జపాన్‌కి లొంగిపోయింది, ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి, మద్రాసులో పని లేనివాళ్ళంతా ఊరొదిలి పొమ్మన్నారు. వాళ్ళ మేనమామ కుటుంబం మద్రాసు నుంచి కట్టెల పడవలో ఈ కాలవెంటే వచ్చిందంట, గాలి లేనప్పుడు ఇద్దరు మనుషులు గట్టు మీద తాడు భుజానేసుకుని పడవని లాగారంట. మద్రాసు జూలో పులుల్నీ సింహాల్నీ కాల్చేశారు అని ఆ మేనమామ చెప్తే పిల్లలంతా ఏడ్చారంట. నేను ఇది ఉత్త కథ అనుకునేదాన్ని, బాంబులు పడి బోన్లు పగిలితే ఊరి మీద పడతాయని నిజంగానే కాల్చారని తర్వాత చదివా. చర్చిల్ అంటే లండన్‌లో బాంబుల కింద జనానికి ధైర్యం చెప్పినోడు, అది నిజమే, ఆ ధైర్యాన్ని నేను క్లాసులో గౌరవంగానే చెప్తా. మరుసటి ఏడు బెంగాల్లో లక్షల మంది అన్నం లేక పోయినప్పుడు ఆయన మనసు కరగలేదు, అదీ అదే గంటలో చెప్తా.

ఒంగోలు అన్నాక ప్రకాశం పంతులుగారి మాట రాకుండా ఎట్టా. ఈ పక్కనే వినోదరాయునిపాలెంలో పుట్టారు, తండ్రి పోతే తల్లి ఒంగోల్లో పూటకూళ్ళు పెట్టి పిల్లల్ని పెంచింది, ఆ కొడుకు 1904లో లండన్ పోయి బారిస్టరు చదివొచ్చాడు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కి ఎదురు మద్రాసులో తుపాకుల ముందు చొక్కా విప్పి రొమ్ము చూపించాడు. అందరికీ తెలిసిన సంగతే ఇది. నేను పిల్లలకి ఇష్టంగా చెప్పేది ఇంకోటి, ఆ కమిషన్లో సైమన్‌తో పాటు వచ్చిన మెంబర్లలో క్లెమెంట్ అట్లీ ఒకడు. గో బ్యాక్ అని మనం తరిమినోళ్ళలో ఒకడు 1945లో చర్చిల్‌ని ఓడించి ప్రధాని అయ్యాడు, మన స్వాతంత్ర్యం చట్టం ఆయన ప్రభుత్వమే పెట్టింది, 1947 జులై 18న రాజు సంతకం పడింది. ఇది చెప్పగానే క్లాసు గప్‌చుప్.

మళ్ళీ రూపాయల దగ్గరికి వస్తా.

మా నాయన 1993లో పొలం పక్కన పెట్టేసి రొయ్యల గుంటలు తీసుకున్నాడు. అప్పుడు మా తీరమంతా అదే గదా, టైగర్ రొయ్య బంగారం. మొదటి పంట బాగా వచ్చింది, ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది. 94 చివర్లో తెల్లమచ్చ వైరస్ దిగింది, పొద్దున పోయి చూస్తే గట్టు వార రొయ్యలు ఎర్రగా తేలి ఉండేవి, మూడు రోజుల్లో గుంట ఖాళీ. మళ్ళీ వేశాడు, మళ్ళీ పోయింది. మేత అప్పు, డీజిల్ అప్పు. మేత ఇచ్చినతను ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు ఒక రోజంతా. ఆ రాత్రి నాయనమ్మ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి మూట తీసి నాయన చేతిలో పెట్టింది. కావలి పోయి అమ్మితే ఎనిమిది పోయినాయి, ఒక్కటి మాత్రం ఆయన అమ్మలేక వెనక్కి తెచ్చాడు. ఎంప్రెస్ జట్టులోది, 1882.

ఆ తర్వాత రెండేళ్ళకి, 1997 ఫిబ్రవరిలో, నాయన పోయాడు. గుండెపోటు. నాకు పద్నాలుగు, తమ్ముడికి పదకొండు. తలకొరివి వాడే పెట్టాల గదా. తడి పంచె కట్టి, చేతికి నిప్పు కుండ ఇచ్చి పాడె ముందు నడిపించారు. ఆడపిల్లలు శ్మశానానికి పోకూడదన్నారు, నేను కాలవ వంతెన దాకా పోయి ఆగిపోయినా, అక్కడి నుంచి వాడి వీపే కనిపించింది. బక్క వీపు, రెక్కల ఎముకలు బయటికి. వాడు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు, తిరగకూడదని ఎవరో చెప్పి ఉంటారు.

ఆ ఏడే ఆగస్టు 31, ఆదివారం, ప్యారిస్‌లో కారు గుద్దుకుని డయానా చనిపోయింది. పొద్దున ఊళ్ళో అందరి నోటా అదే. ఆమె పెళ్ళి మా అమ్మకి గుర్తు, 1981 జులైలో, పేపర్లో ఫొటో చూసి ఆ గౌను తోక ఎంత పొడుగుందో అని ఆడోళ్ళంతా మాట్లాడుకున్నారంట. సెప్టెంబర్ 6 శనివారం అంత్యక్రియలు, మధ్యాహ్నం పక్కింటి పెద్దమ్మ వాళ్ళింట్లో కేబుల్ టీవీలో చూపిస్తుంటే అందరం పోయి నేల మీద కూర్చున్నాం. ముందు రోజే కలకత్తాలో మదర్ థెరెసా పోయింది, పెద్దమ్మ ఆమె కోసం కూడా కళ్ళు తుడుచుకుంటా ఉంది. టీవీలో ఫిరంగి బండి మీద పేటిక, పైన తెల్ల గులాబీలు, అందులో ఒక చిన్న కవరు, దాని మీద మమ్మీ అని చేత్తో రాసుంది. వెనకాల అయిదుగురు నడుస్తున్నారు, అందులో ఇద్దరు పిల్లలు. పెద్దోడు విలియంకి పదిహేను, చిన్నోడు హ్యారీకి ఇంకా పదమూడు నిండలేదు. చిన్నోడు తల దించుకుని నడుస్తున్నాడు, చేతులు పిడికిళ్ళు. రోడ్డు పక్కన లక్షల మంది, చప్పుడే లేదు, గుర్రాల డెక్కల చప్పుడు మాత్రం.

నా పక్కన కూర్చున్న తమ్ముడు ఏడవలేదు. లేచి టీవీ దగ్గరికి, చాలా దగ్గరికి పోయి నిలబడ్డాడు. పెద్దమ్మ అడ్డం తప్పుకోరా అంది, ఎవరో ఊరుకోండి అన్నారు. అమ్మ పోయి వాణ్ణి వెనక నుంచి పట్టుకుని ఎత్తుకోబోయింది, పదకొండేళ్ళోణ్ణి ఎక్కడ ఎత్తగలదు. అట్టనే పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. ఆ రాత్రి చీకట్లో వాడు నన్ను అడిగాడు, "అక్కా, వాడికి కూడా వెనక్కి తిరగొద్దని చెప్పుంటారా?"

అదే ఏడు అక్టోబర్లో రాణి మన దేశం వచ్చింది. అమృత్‌సర్ పోయి, జలియన్‌వాలా బాగ్‌లో చెప్పులు విప్పి దండ పెట్టి తల వంచింది. క్షమించమని మాత్రం అనలేదు. ఆ ఏడు జూన్‌లోనే ఐర్లాండ్‌లో 1845 నుంచి వచ్చిన కరువు గురించి, అప్పుడు లండన్‌లో పాలించినోళ్ళు తమ జనానికి అన్యాయం చేశారని ప్రధాని బ్లెయిర్ పేరుతో ఒక ప్రకటన చదివారు. అక్కడ పోయింది పది లక్షల మంది. ఒక్క మాటే అయినా ఆ మాట విన్న ఐర్లాండ్ ముసలోళ్ళకి ఏదో ఒక బరువు దిగి ఉంటదని నేననుకుంటా. ధాత కరువుకి కూడా అట్టా ఎవరన్నా ఒక్క మాట అంటే, చేటలో బియ్యం ఏరుకుంటా మా నాయనమ్మ విని ఉంటే బాగుండు అనిపిస్తది. ఆమె 2009లో పోయింది.

2022కి వస్తే, సెప్టెంబర్ 14 సాయంత్రం నేనూ అమ్మా టీవీ చూస్తా ఉన్నాం. రాణి పేటికని బకింగ్‌హాం ప్యాలెస్ నుంచి వెస్ట్‌మినిస్టర్ హాల్‌కి తీసుకుపోతున్నారు, మళ్ళీ ఫిరంగి బండి, మళ్ళీ వెనకాల విలియం, హ్యారీ. హ్యారీకి గడ్డమొచ్చింది, విలియంకి జుట్టు పలచబడింది. ఫోన్లో తమ్ముడి మెసేజ్ వచ్చింది, "మళ్ళీ నడుస్తున్నాడక్కా ఆ పిల్లోడు" అని. అంతే రాశాడు. మర్నాడు రాత్రే లైన్లో నిలబడ్డాడు.

వాడు హాల్లోకి పోయేసరికి అక్కడ పొద్దున ఎనిమిదైంది. తర్వాత తీరిగ్గా చెప్పాడు. లోపల ఫోన్లు తీయకూడదు. 1097లో కట్టడం మొదలుపెట్టిన హాలు, పైన నల్లటి చెక్క కప్పు, మధ్యలో ఎత్తు మీద పేటిక, నాలుగు మూలలా సిపాయిలు తల వంచుకుని. ఇరవై నిమిషాలకోసారి ఒకరు కర్రతో నేల మీద కొడతారంట, టక్ టక్, సిపాయిలు మారతారు, ఆ చప్పుడు తప్ప ఏం లేదు. అదే హాల్లో 1649లో సొంత రాజు మొదటి చార్లెస్‌ని నిలబెట్టి విచారించి, తర్వాత బయట తల తీశారు. అదే హాల్లో 1788 నుంచి 1795 దాకా ఇక్కడ గవర్నర్ జనరల్‌గా చేసిన వారెన్ హేస్టింగ్స్ మీద మన దేశంలో చేసిన పనులకి కేసు నడిపి చివరికి వదిలేశారు. ఇవన్నీ వాడికి తెలియవు, నేను చెప్పా. వాడు విని, "నాకు అయ్యేం గుర్తు రాలేదక్కా, దణ్ణం పెట్టా, నాయన గుర్తొచ్చాడు" అన్నాడు.

అమ్మ ఫోను లాక్కుని, "పెద్దావిడ, పోయింది, దణ్ణం పెట్టావు, మంచి పని చేశావు. ఆడ ఎవరన్నా అడిగితే మన ఉప్పు కాలవ సంగతి కూడా చెప్పు" అంది. చెప్తానమ్మా అన్నాడు. చెప్పాడంట కూడా, లైన్లో ముందు నిలబడ్డ ఒక ఇంగ్లీషు ముసలాయనకి, రాత్రి రెండింటప్పుడు, దుప్పటి పంచుకుని కూర్చున్నప్పుడు. ఆయనకి ఆ కరువు గురించి అస్సలు తెలియదంట. విని చాలాసేపు నది వైపే చూసి, బడిలో మాకెవరూ చెప్పలేదు అన్నాడంట.

మొన్న సంక్రాంతికి వాడు భార్యనీ పిల్లనీ తీసుకుని వచ్చాడు. పిల్ల రెడింగ్‌లోనే పుట్టింది, ఆరేళ్ళు, తెలుగు అర్థమవుద్ది, మాట్లాడేటప్పుడు సగం ఇంగ్లీషు. కనుమ రోజు అందరం ఊరికి పోయాం. పాత ఇంట్లో కూర్చుని అమ్మ పసుపు గుడ్డ విప్పి రూపాయి దాని చేతిలో పెట్టింది. అది వేలితో తడుముతా చదివింది, విక్టోరియా, ఎంప్రెస్. వెనక్కి తిప్పి 1882 అంది. క్వీన్ విక్టోరియా గదా అత్తా, ఎంప్రెస్ అని ఎందుకుంది అని అడిగింది. వాళ్ళ బళ్ళో క్వీన్ అనే చెప్తారంట.

నేను దాన్ని కాలవ గట్టుకి తీసుకుపోయి చెప్పా, తమ్ముడు కూడా వచ్చాడు. ఇప్పుడు పడవలు లేవు, గట్టంతా సర్కారు తుమ్మ కమ్మేసింది, నీళ్ళ మీద గుర్రపుడెక్క లేదు గానీ ప్లాస్టిక్ కవర్లు తేలుతున్నాయి, అవతల రొయ్యల గుంటల్లో ఏరేటర్లు తిరుగుతున్నాయి, ఇప్పుడు వేసేది వనామీ రొయ్య. దర్బారు గురించి చెప్పా, గింజల కూలి గురించి చెప్పా, అక్కా తమ్ముడి గురించి చెప్పా. ఎంత చెప్పాలో ఎక్కడ ఆపాలో తెలియక పూడ్చిన సంగతి కూడా చెప్పేశా.

అది కాసేపు గట్టు మీద మట్టిని చూసి, "ఆ తమ్ముడి పేరేంటి అత్తా?" అంది.

నేను మా తమ్ముడి వైపు చూశా. నాయనమ్మ ఎప్పుడూ పేరు చెప్పలేదు, చిన్నోడు అనే అనేది. వాళ్ళ జేజమ్మ కూడా అట్టనే అని ఉంటది. విక్టోరియా పేరు రూపాయి మీద ఉంది, డ్యూక్ పేరు కాలవకి ఉంది.

"చిన్నోడు" అన్నాడు మా తమ్ముడు.

పిల్ల ఆ మాటని నోట్లో తిప్పుకుంది, చి-న్నో-డు అని మూడు ముక్కలుగా. పొద్దు వాలతా ఉంది, దోమలు లేస్తున్నాయి, వాడు దాన్ని చంకనేసుకుని గట్టు దిగాడు, నేను వెనకాలే నడిచా.